జూనియర్ ప్లీడరు చేతిపని

"మీరు చేరబోయే ఈ పనిలో కష్టం ఎక్కడుందనుకుంటున్నారు?" జూనియర్ లాయరుగా చేరడానికి వచ్చినవాళ్ళను ఈ మాట అడగని ఇంటర్వ్యూ అరుదు. వినడానికి తేలిక ప్రశ్నే. జవాబు దగ్గరే చాలామంది జారిపోతారు. "పని ఒత్తిడి ఎక్కువుంటుందండీ, టైముకి అన్నీ చూసుకోవాలండీ, నేను కష్టపడే మనిషినండీ" అంటారు. ఈ మూడు ముక్కలూ బ్యాంకు ఉద్యోగానికీ సరిపోతాయి, మందుల కొట్టు ఉద్యోగానికీ సరిపోతాయి. అడిగినాయన తలూపి తరవాతి ప్రశ్నకు వెళ్ళిపోతారు.

పని తెలియక అలా చెబుతున్నారనుకోను. పని తెలిసినవాళ్ళు కూడా అలాగే చెబుతున్నారు. ఎందుకంటే జూనియర్ చేసేది ఎవరికీ కనబడదు, చివరికి జూనియర్‌కు కూడా. సీనియర్ గారు లేచి వాదిస్తే కోర్టు హాలంతా చూస్తుంది. ఆ వాదన నిలబడటానికి కింద వేసిన పునాది కాగితాల్లో ఉంటుంది, ఆ కాగితాలు రాసింది జూనియర్. అడిగితే "ఏముందండీ, ఫైళ్ళు మోయడం, వాయిదాలు అడగడం" అంటాడు. ఈ చిన్నచూపు నాకు బాధ కలిగిస్తుంది. నందిగామలోనో జగ్గయ్యపేటలోనో ఒక మామూలు దావా కట్టను విప్పి, ఒక్కొక్క కాగితం ఎలా తయారైందో చూస్తే, అందులో ఎంత పనితనం ఉందో తెలుస్తుంది. ఇంటర్వ్యూలో చెప్పవలసిన జవాబు కూడా ఆ కట్టలోనే ఉంది.

చెవిటికల్లు నుంచి రోజూ నందిగామ కోర్టుకు వచ్చే ఒక జూనియర్‌ను ఊహించుకుందాం. వ్యవసాయ కుటుంబం. ఇంట్లో ఇంతకుముందు నల్లకోటు వేసినవాళ్ళు లేరు. ఆమె నా ఊహే గానీ, ఆమె చేత నేను చేయించబోయే పని ఏదీ ఊహ కాదు. ఈ చుట్టుపక్కల ఇలాంటి ఇళ్ళ నుంచి లాయర్లు రావడం కొత్తా కాదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరైన అయ్యదేవర కాళేశ్వరరావు నందిగామలో పుట్టి బెజవాడలో వకీలుగా పనిచేశారు. వీరులపాడు మండలం పొన్నవరంలో రైతు ఇంట పుట్టిన ఎన్.వి. రమణ 1983లో న్యాయవాదిగా నమోదై, 2021లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

ఒకప్పుడు జూనియర్‌గా చేరడానికి ఇంటర్వ్యూ ఏమిటి? నాన్నకు తెలిసిన ప్లీడరు గారింటికి వెళ్ళి నమస్కారం పెట్టి, "సరే, రేపు పొద్దున రా" అనిపించుకుంటే చేరినట్టే. ఇప్పుడు ఆ ప్రశ్న నాలుగు చోట్ల కాచుకుని ఉంది. హైదరాబాదు లా సంస్థలు అడుగుతాయి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ముద్దాయిల తరఫున పనిచేసే సహాయ న్యాయవాదుల పోస్టులకు మూడేళ్ళ లోపు అనుభవమున్నవాళ్ళను కూడా తీసుకుంటారు, అక్కడా అడుగుతారు. 2025 మే 20న సుప్రీంకోర్టు సివిల్ జడ్జి పరీక్షకు కనీసం మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలన్న నిబంధనను మళ్ళీ తెచ్చింది. కాబట్టి ఇకమీదట ఆ మౌఖిక పరీక్షలో "ఈ మూడేళ్ళూ ఏం నేర్చుకున్నావు, ఏది కష్టమైంది" అనే ప్రశ్న ఇంకా సూటిగా పడుతుంది. సీనియర్ గారు కూడా ఇప్పుడు కూర్చోబెట్టి రెండు మాటలు అడగకుండా చేర్చుకోవడం లేదు.

ఇంగ్లండులో సొలిసిటర్ కావాలంటే రెండేళ్ళ పని అనుభవం తప్పనిసరి. పెద్ద సంస్థల్లో చేరిన ట్రైనీని కొన్ని నెలలకో విభాగం చొప్పున తిప్పుతారు. మన బార్ కౌన్సిల్ కూడా లాయరుగా నమోదయ్యే ముందు ఏడాది శిక్షణ ఉండాలని 1995లో నియమం పెట్టింది. ఆ అధికారం బార్ కౌన్సిల్‌కు లేదంటూ సుప్రీంకోర్టు 1999లో దాన్ని కొట్టేసింది. 2010లో అఖిల భారత బార్ పరీక్షను తప్పనిసరి చేశారు. కాని ప్రోనోటు వెనక్కి తిప్పి చూడటం పరీక్ష నేర్పదు. మన దగ్గర జూనియర్‌ను విభాగాల వెంట తిప్పేది సీనియర్ గారి ఫైళ్ళ బీరువా. సోమవారం ప్రోనోటు దావా, మంగళవారం గట్టు తగాదా, బుధవారం హైవే మీద యాక్సిడెంటు కేసు.

గట్టు తగాదాతోనే మొదలుపెడతాను. దావా చివర ఆస్తి షెడ్యూలు ఉంటుంది. సాధారణంగా అర పేజీ కూడా ఉండదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఏడో ఆర్డరు మూడో రూలు ఏమంటుందంటే, స్థిరాస్తి మీద దావా వేస్తే ఆ ఆస్తిని గుర్తుపట్టడానికి సరిపోయే వర్ణన ఉండాలి, హద్దులూ సర్వే నంబర్లూ ఉంటే అవి రాయాలి. రూలు ఇంతే. చెవిటికల్లులో ఒక చేనికి ఆ అర పేజీ రాయడానికి కూర్చుంటే అసలు పని మొదలవుతుంది.

రైతు తెచ్చిన పాత దస్తావేజులో "కృష్ణా జిల్లా, నందిగామ తాలూకా, చెవిటికల్లు గ్రామం" అని ఉంటుంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆ తరవాతి కాగితంలో అదే చేను "కంచికచర్ల మండలం"లోకి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లా మారింది. ఇప్పుడది ఎన్టీఆర్ జిల్లా. నేల అంగుళం కదలలేదు, మూడో చిరునామాకు వచ్చింది. దావాలో ఇప్పటి చిరునామా రాసి, పాత కాగితంలో ఉన్నది ఈ చేనే అని ఒక వాక్యంలో ముడివెయ్యాలి. ఆ ముడి లేకపోతే అవతలి ప్లీడరు "మీ దస్తావేజు వేరే భూమిది" అని లేస్తారు.

తరవాత హద్దులు. మన కాగితాల్లో తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అనే వరస తప్పదు. తూర్పున ఫలానావారి చేను అని నలభై ఏళ్ళ కిందట రాశారు. ఆ ఫలానావారు పోయారు. కొడుకులు పంచుకున్నారు. ఒకరు వాటా అమ్ముకుని హైదరాబాదు వెళ్ళారు. కొన్నాయన అందులో సుబాబుల్ వేశాడు. దక్షిణాన డొంక అని ఉంది. ఆ డొంక సగం కలిసిపోయి ఇప్పుడు బండి పోయే దారి కూడా లేదు. జూనియర్ ఇక్కడ రెండు హద్దులూ రాయాలి: దస్తావేజు ప్రకారం ఏవి, ప్రస్తుతం ఏవి. విస్తీర్ణం "య 1-45 సెంట్లు" అని ఉంటే, ముక్కలుగా చూపిన చోట ముక్కలన్నీ కూడితే నూట నలభై అయిదు సెంట్లు రావాలి. హద్దులకూ విస్తీర్ణానికీ పొత్తు కుదరకపోతే కోర్టులు సాధారణంగా హద్దులవైపే మొగ్గుతాయి. అందుకే హద్దు రాసేటప్పుడు చెయ్యి తొందరపడకూడదు.

దీనికి తోడు రీసర్వే. 2020 డిసెంబరు 21న రాష్ట్రంలో భూముల రీసర్వేను ప్రారంభించింది జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులోనే. రీసర్వే అయిన ఊళ్ళో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వస్తుంది. అంటే దస్తావేజులో ఒక నంబరు, అడంగల్‌లో ఇంకో నంబరు. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని, ఎఫ్.ఎం.బి. (కొలతల పుస్తకం) నకళ్ళు తీసుకుని, ఇదే అది అని నమ్మకం కుదిరాక గానీ టైపు కొట్టించకూడదు. ఇందులో ఒక్క అంకె తప్పితే ఆ తప్పు దావా గెలిచిన తరవాత గానీ తెలియదు. డిక్రీ పట్టుకుని కోర్టు అమీనా చేనుకు వెళితే, డిక్రీలో ఉన్న చేను అక్కడ ఉండదు. పదేళ్ళు నడిచిన కేసు పొలం గట్టు మీద ఆగిపోతుంది.

జగ్గయ్యపేట స్తూపం దగ్గర దొరికిన ఇక్ష్వాకుల నాటి శాసనం నాకు ఈ షెడ్యూలు చూసినప్పుడల్లా గుర్తొస్తుంది. సిద్ధార్థుడనే శిల్పి తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు ఇచ్చాడు. తన పేరుతో పాటు తండ్రి పేరు, ఊరి పేరు, వీరపురుషదత్తుడి పాలనలో 20వ ఏడని, ఏ పక్షమో, ఏ రోజో రాతి మీద చెక్కించాడు. మూడో శతాబ్దపు పనివాడు అక్కడ నిలిపింది కూడా గుర్తింపే: ఎవరు, ఎవరి కొడుకు, ఏ ఊరు, ఏ తేదీ. ఈ మెట్ట నేలలో ఆ పద్ధతికి వయసు పదిహేడు వందల ఏళ్ళు.

ఇప్పుడు ఇంటర్వ్యూ గదిలోకి వద్దాం. కష్టమేమిటని అడిగితే మన చెవిటికల్లు అమ్మాయి ఇలా చెబుతుందనుకోండి: "సార్, నాకు కష్టమైంది ఆస్తి షెడ్యూలు. దస్తావేజు పాత తాలూకా పేరుతో ఉంది, హద్దుదారులు మారిపోయారు. కాగితం చూసి రాసెయ్యబోయాను గానీ చేను ఒకసారి చూద్దామనిపించి వెళ్ళాను. దక్షిణం హద్దు కాగితంలో ఉన్నట్టు లేదు. అప్పుడు రెండు రకాల హద్దులూ రాసి సీనియర్ గారికి చూపించాను. ఆయన ఒక్క మాట మార్చారు." ఇంత చాలు. ఈ జవాబులో గొప్ప మాట ఒక్కటీ లేదు. కానీ వినేవాళ్ళకు నాలుగు సంగతులు తెలిసిపోయాయి. ఈమెకు కాగితం చదవడం వచ్చు. కాగితాన్ని గుడ్డిగా నమ్మదు. కాళ్ళు కదుపుతుంది. పెద్దవాళ్ళకు చూపించకుండా ఫైలు చెయ్యదు. "నేను జాగ్రత్తపరురాలిని" అని నోటితో చెప్పినవాళ్ళను ఎవరూ నమ్మరు. జాగ్రత్తను పనిలో చూపించినవాళ్ళను నమ్మకుండా ఉండలేరు. ఆ చివరి మాట, సీనియర్ గారు ఒక్క మాట మార్చారన్నది, నాకు అన్నిటికన్నా ఇష్టం. తన పని మీద ఇంకొకరి చెయ్యి పడిందని ఆమె దాచుకోలేదు.

రెండో పనితనం తేదీల్లో ఉంది. పత్తి, మిర్చి వేసే రైతుకు పెట్టుబడి అప్పు లేకుండా ఏడు గడవడం అరుదు. అప్పంటే ప్రోనోటు. ప్రోనోటు మీద దావాకు గడువు మూడేళ్ళు. నోటు ముందువైపు తేదీ చూసి వేళ్ళు మడిచి లెక్కకట్టినవాడు సగం పనే చేశాడు. వెనక్కి తిప్పాలి. వెనక చెల్లు రాసి ఉండొచ్చు, అంటే అప్పు తీసుకున్నాయన కొంత డబ్బు కట్టాడని. ఆ కట్టడం మూడేళ్ళ లోపు జరిగితే గడువు అక్కడి నుంచి మళ్ళీ మొదలవుతుంది. అయితే లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఆ చెల్లు కట్టినాయన చేతిరాతలోనైనా ఉండాలి, కింద ఆయన సంతకమైనా ఉండాలి. అప్పిచ్చినాయన రాసుకుని కట్టినాయన సంతకం పెట్టించుకుంటే పనికొస్తుంది. రాతా సంతకమూ రెండూ అప్పిచ్చినాయనవే అయితే ఆ చెల్లుకు విలువ లేదు. సిరా రంగు, చేతి వాటం, తేదీ రాసిన తీరు, అన్నీ చూడాలి. నాలుగు అంగుళాల కాగితం మీద ఇంత చదువు ఉంది.

ఇక కోవిడ్ కాలం వచ్చి ఈ లెక్కను ఇంకా చిక్కుపరిచింది. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని గడువు లెక్క నుంచి తీసెయ్యాలని సుప్రీంకోర్టు 2022 జనవరి 10న ఉత్తర్వు ఇచ్చింది. ఆ ధర్మాసనానికి నేతృత్వం వహించింది పొన్నవరం నుంచి వెళ్ళిన రమణ గారే. 2018 జూన్ 10 నాటి ప్రోనోటు తీసుకోండి. మామూలుగా అయితే 2021 జూన్ 10తో గడువు సరి. కానీ 2020 మార్చి 15 నాటికి ఇంకా ఏడాది రెండు నెలల పైచిలుకు మిగిలి ఉంది. ఆ మిగిలినది 2022 మార్చి 1 నుంచి మళ్ళీ నడుస్తుంది. అంటే 2023 మే నెలాఖరు దాకా దావాకు ప్రాణం ఉంది. మే అంటే సివిల్ కోర్టులకు వేసవి సెలవులు. సెలవుల్లో గడువు ముగిస్తే కోర్టు తెరిచిన రోజున దాఖలు చేసుకోవచ్చని అదే చట్టం నాలుగో సెక్షన్. ఈ లెక్క ఒక తెల్లకాగితం మీద వేసి ఫైలు లోపలి అట్టకు పిన్ను కొట్టి పెట్టే జూనియర్‌ను చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఆ కాగితం ఏ కోర్టుకూ వెళ్ళదు, దానికి ఎవరూ ఫీజు ఇవ్వరు. కానీ రైతు దాచుకున్న డబ్బు దాని మీదే నిలబడి ఉంది.

వెనకా ముందూ తేల్చడం ఈ ప్రాంతానికి కొత్త విద్య కాదు. జగ్గయ్యపేటకు తండ్రి జగ్గన్న పేరు పెట్టిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఇద్దరిని దత్తత తీసుకున్నారు. ఆయన పోయాక జమీందారీ మీద పుట్టిన తగాదా లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. రంగమ్మ, అచ్చమ్మల కేసుగా అది 1846 నాటి రిపోర్టుల్లో ఉంది. మొదట దత్తత తీసుకున్న కొడుకు బతికి ఉండగా రెండో దత్తత చెల్లదని అందులో తేల్చారు. అంత సంపదా ఏది ముందు, ఏది వెనక అన్న దాని మీద తిరిగింది. న్యాయ విద్యార్థులు ఆ కేసు పేరు చదువుతారు. అది మన కృష్ణా ఒడ్డు కేసని వాళ్ళలో చాలామందికి తెలిస్తే నాకు సంతోషం.

మూడోది వినడం. దీన్ని ఎవరూ పనిగా లెక్కించరు. 2002 సవరణ తరవాత సివిల్ కేసుల్లో సాక్షి ముఖ్య విచారణ అఫిడవిట్ రూపంలో ఇస్తున్నారు. రైతు తెలుగులో చెప్పింది జూనియర్ ఇంగ్లీషులో రాస్తుంది. మళ్ళీ తెలుగులో చదివి వినిపించి, ఆయన ఒప్పుకున్నాక సంతకం పెట్టించాలి. ఈ చదివి వినిపించడం కొన్ని చోట్ల మొక్కుబడిగా జరుగుతుంది. రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి ప్లీడరు "ఇందులో ఏముందో మీకు తెలుసా?" అని అడిగిన క్షణాన ఆ మొక్కుబడి బయటపడుతుంది.

మంచి జూనియర్ ఎలా వింటుందో చూడండి. గట్టు ఎప్పుడు చెరిపారని అడిగితే పెద్దాయన "తేదీ నాకు గుర్తులేదమ్మా" అంటాడు. ఆమె తేదీ కోసం పట్టుబట్టదు.

"అప్పుడు చేలో ఏముంది బాబాయ్?"

"మిరప కోతలు నడుస్తున్నాయమ్మా. కూలోళ్ళు కూడా చూశారు."

అంతే, కాలం దొరికింది, సాక్షులూ దొరికారు. ఆమె అఫిడవిట్‌లో ఏదో ఒక తేదీ పుట్టించి వెయ్యదు. ఫలానా ఏడు మిరప కోతల కాలంలో అని రాస్తుంది. కోర్టులో ఆయన్ను తిప్పి తిప్పి అడిగినా అదే మాట వస్తుంది, ఎందుకంటే అది ఆయన మాటే. పుట్టించిన తేదీ అయితే మొదటి ప్రశ్నకే కూలిపోయేది. సాక్షికి మాట నేర్పడానికీ సాక్షి మాట బయటికి తియ్యడానికీ ఉన్న తేడా ఇదే. నీతి పుస్తకం చదివితే ఆ తేడా తెలుస్తుంది. "చేలో ఏముంది బాబాయ్" అని అడగడం మాత్రం చెవిటికల్లులో పెరిగితే వస్తుంది. పల్లె నుంచి వచ్చామని ఇంటర్వ్యూల్లో కుంచించుకుపోయేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలని నా మనవి. అది లోటు కాదు, పనిముట్టు.

కోర్టు హాల్లో నిలబడటం గురించి ఎక్కువ చెప్పను, అందరికీ కాస్తో కూస్తో తెలిసిందే. పొద్దున కేసులు పిలుస్తారు. సీనియర్ గారు పక్క కోర్టులో ఉంటారు. జూనియర్ లేచి పాసోవర్ (కేసును కాసేపాగి పిలవమని) అడగాలి, లేదా వాయిదా అడగాలి. కేసు ఏ దశలో ఉందో, కిందటిసారి ఏ కారణం చెప్పి వాయిదా తీసుకున్నామో తెలియకుండా నిలబడితే జడ్జి గారి మొదటి ప్రశ్నకే నోరు పెగలదు. అందుకే డైరీలో ఉత్త తేదీ రాసుకోకుండా, ఎందుకు వాయిదా పడిందో పక్కన నాలుగు మాటలు రాసుకునే జూనియర్ వేరు. ప్లీడరు గుమాస్తాలు ఈ విద్యలో గురువులు. ఏ దరఖాస్తు రిటర్న్ అవుతుందో, ఏ కాగితానికి ఎంత కోర్టు ఫీజు తక్కువైందో వాళ్ళ కంటికి ముందే కనబడుతుంది. వాళ్ళ దగ్గర నేర్చుకున్నానని ఇంటర్వ్యూలో చెప్పిన అభ్యర్థి మీద నాకు గౌరవం పెరుగుతుంది.

క్రిమినల్ వైపు ఇప్పటి జూనియర్లకు ఇంకో బరువు పడింది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి పాత పీనల్ కోడ్, తరవాత జరిగినదానికి కొత్తది. హత్యకు అక్కడ 302, ఇక్కడ 103. మోసానికి అక్కడ 420, ఇక్కడ 318. ఒకే రోజు ఒకే హాల్లో రెండూ నడుస్తున్నాయి. ముప్పై ఏళ్ళ అనుభవమున్న సీనియర్‌కూ కొత్త జూనియర్‌కూ ఈ ఒక్క విషయంలో చదువు సమానంగా మొదలైంది. చురుకైన జూనియర్ ఆఫీసులో అవసరమైన మనిషి అయ్యే అవకాశం ఇంతకు ముందెప్పుడూ ఇంత తొందరగా రాలేదు.

మన అమ్మాయి జవాబులో చెప్పిన పనితో పాటు చెప్పకుండా దాచిన పని కూడా ఒకటుంది. ఇంటర్వ్యూలో అనుభవం చెప్పమంటారు. అనుభవమంటే కక్షిదారు కథ. కక్షిదారు చెప్పింది బయటపెట్టకూడదు. పాత సాక్ష్య చట్టం 126వ సెక్షన్‌లో ఉన్నదే ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్‌లో ఉంది. మహానగరంలో పేరు దాచితే సరిపోతుంది. ఇక్కడ సరిపోదు. చెవిటికల్లులో ఫలానా సర్వే నంబరు అన్నా, డొంక పక్క సుబాబుల్ తోట అన్నా, అన్నదమ్ములు ముగ్గురు అన్నా, నందిగామలో వినేవాళ్ళకు ఎవరో తెలిసిపోతుంది. కాబట్టి ఆమె కథలోంచి మనుషుల్ని తీసేసి పనిని మాత్రం ఉంచాలి. పైన ఆమె చెప్పిన జవాబు మళ్ళీ చదవండి. అందులో ఊరు లేదు, నంబరు లేదు, కులం లేదు, ఎవరు గెలిచారో లేదు. తాలూకా, హద్దు, చెయ్యి కదిలిన తీరు మాత్రమే ఉన్నాయి. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్న అనుభవజ్ఞుడు ముందు గమనించేది దీన్నే. ఉద్యోగం కోసం కక్షిదారు గుట్టు విప్పిన మనిషి రేపు తనను చేర్చుకున్నవాళ్ళ ఫైలు కూడా విప్పుతాడు కదా.

డబ్బు సంగతి అడిగితే ముఖం దించుకోనక్కర్లేదు. జూనియర్‌కు మొదటి ఏళ్ళలో వచ్చేది బస్సు ఛార్జీలకూ టీకీ సరిపోతే గొప్ప. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరులో లా నేస్తం పేరుతో కొత్త లాయర్లకు మూడేళ్ళపాటు నెలకు 5,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని సూచించింది. సూచనకూ చేతికొచ్చేదానికీ మధ్య దూరం ఎంతో జూనియర్లకు తెలుసు. అది నిజమైన కష్టం. దాన్ని కష్టమని చెప్పడం ఫిర్యాదు కాదు. "ఇంటి మీద ఆధారపడి నేర్చుకుంటున్నాను, ఎన్నాళ్ళు ఆధారపడగలనో ఇంట్లో మాట్లాడుకున్నాం" అని నిదానంగా చెప్పిన అమ్మాయి, డబ్బు ఊసే ఎత్తనివాళ్ళకన్నా ఎక్కువ కాలం ఈ వృత్తిలో నిలబడుతుందని నేను అనుకుంటాను. బడుగు ఇళ్ళ పిల్లలు మొదటి మూడేళ్ళలోనే ఈ వృత్తి వదిలేస్తే, ఆ మూడేళ్ళ ప్రాక్టీసు నిబంధన వాళ్ళకు గోడ అవుతుంది. దీని గురించి మాట్లాడవలసింది అభ్యర్థులకన్నా ముందు సీనియర్లు.

మంచి జవాబు విన్న బోర్డు ఊరుకోదు, ఇంకొకటి అడుగుతుంది: "మరి ఇంకా మీ చేతికి రాని పని ఏమిటి?" నిజాయితీ గల జూనియర్ ఎవరైనా క్రాస్ ఎగ్జామినేషన్ అనే చెబుతారు. కానీ అంతటితో ఆపితే అది ఒప్పుకోలు. పనివాళ్ళు ఆపరు, ఎలా నేర్చుకుంటున్నారో చెబుతారు. మన అమ్మాయి చెప్పేది ఇలా ఉండొచ్చు: "సీనియర్ గారు చేసిన క్రాస్ వాంగ్మూలం నకలు తీసుకుని రాత్రిపూట చదువుతాను సార్. ఒక్కో జవాబు దగ్గర ఆగి, మిగతాది కాగితంతో మూసి, ఆ తరవాత నేనైతే ఏం అడుగుతానో రాసుకుంటాను, అప్పుడు తెరిచి చూస్తాను. ఒక ప్రోనోటు కేసులో సాక్షి సంతకం చేసినాయన్ను సీనియర్ గారు 'ఎక్కడ కూర్చున్నారు, ఎవరెవరు ఉన్నారు, కాగితం ఎవరు రాశారు' అని అన్నీ అడిగారు. నేనైతే ఆ వెంటనే 'డబ్బు చేతులు మారడం మీరు చూశారా' అని అడిగేదాన్ని. సీనియర్ గారు అడగలేదు, కూర్చున్నారు. ముఖ్య విచారణ అఫిడవిట్ మళ్ళీ తీసి చూస్తే అప్పుడు తెలిసింది. డబ్బు ఇవ్వడం తను చూశానని ఆ సాక్షి అందులో ఎక్కడా అనలేదు. అడిగితే 'చూశానండీ' అనేవాడు, అవతలివాళ్ళ కేసులో ఉన్న ఖాళీని మా ప్రశ్నతో మేమే పూడ్చినట్టయ్యేది."